కింది కోర్టే గట్టి కోర్టు

వ్యాజ్యాల్లో తల పండిన పెద్దమనుషులకి మన వైపు ఒక ఊతపదం వుంది: “ఇక్కడ పోతే పోనీండి, హైకోర్టులో చూసుకుందాం!” ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది. పునాదులు తీసేటప్పుడు నిద్రపోయి, గోడలకి సున్నం కొట్టేటప్పుడు లేచి వద్దామన్నట్టుంటుంది. సాక్షి మొహం చూసేదీ, అతని గొంతు తడబడితే వినేదీ కింది కోర్టే. పైకి వెళ్ళేది కాగితాల కట్ట మాత్రమే.

ఈ సంగతిని తేటతెల్లం చేసిన కేసు ఒకటి అమెరికాలో నడిచింది. మనకి జిల్లాలున్నట్టే అక్కడ కౌంటీలున్నాయి. ఫ్లారిడా రాష్ట్రంలో అవి 67. వాటిని 20 సర్క్యూట్ల కింద పంచారు. పెద్ద నేరాలు, పెద్ద మొత్తాల దావాలు, విడాకులు, వీలునామాల తగాదాలు—అన్నీ మొదట విచారించేది సర్క్యూట్ కోర్టే. దాని జడ్జీల పదవీకాలం ఆరేళ్ళు. నిలబెట్టుకోవాలంటే మళ్ళీ ఎన్నిక కావాలి. జ్యూరీ కూర్చున్న కేసులో ముద్దాయి నేరం చేశాడా లేదా అని తేల్చేది మాత్రం జడ్జీగారు కాదు, ఆ కౌంటీలోని మామూలు మనుషులు. మరణశిక్ష పడదగ్గ కేసయితే 12 మంది, తక్కిన నేరాలకి ఆరుగురు.

1961 జూన్ 3న బే కౌంటీ, పనామా సిటీలో బిలియర్డ్స్ ఆడుకునే హాలొకటి తలుపు పగిలింది. సిగరెట్ల యంత్రంలో చిల్లర పోయింది. తెల్లవారుజామున గిడియన్‌ని అక్కడ చూశానని ఒకడు సాక్ష్యం చెప్పాడు. క్లారెన్స్ ఎర్ల్ గిడియన్‌కి అప్పటికి 50 ఏళ్ళు. చేతిలో దమ్మిడీ లేదు. ఆగస్టులో విచారణకి రాగానే, నాకో ప్లీడరుని ఇప్పించండని జడ్జీగారిని అడిగాడు. మరణశిక్ష పడే కేసులకి తప్ప ఆ సదుపాయం అప్పటి ఫ్లారిడా చట్టంలో లేదు. పాపం, తన కేసు తనే వాదించుకున్నాడు. అడగడానికి నోరుంటే చాలదు గదా, ఏమి అడగాలో తెలియాలి! జ్యూరీ నేరస్థుడంది. అయిదేళ్ళ శిక్ష పడింది.

జైల్లోంచి పెన్సిలుతో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963 మార్చి 18న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా తీర్పిచ్చారు. ఇక్కడ మనం గమనించవలసిందొకటుంది: గిడియన్ నిర్దోషి అని వాళ్ళనలేదు. అది వాళ్ళ పని కాదు. పెద్ద నేరం మోపినప్పుడు పేదవాడికి ప్లీడరుని ఇవ్వకుండా జరిపిన విచారణ చెల్లదన్నారు, అంతే. కేసు మళ్ళీ బే కౌంటీకే వచ్చింది.

1963 ఆగస్టు 5. అదే కోర్టు, అదే జడ్జీ, అదే ముఖ్యసాక్షి. కొత్తగా వచ్చినవాడు ఫ్రెడ్ టర్నర్ అనే ప్లీడరు. తనని టాక్సీలో ఎక్కించుకున్న సంగతి ఎవరికీ చెప్పవద్దని గిడియన్ అన్నాడని డ్రైవరు సాక్ష్యమిచ్చాడు. వినడానికి దొంగ మాటలాగే వుంది! టర్నర్ లేచి, ఇదివరకు కూడా అలా అన్నాడా అని అడిగాడు. అన్నాడట. ఎందుకూ? భార్యతో గొడవ వల్లనట! ఉచ్చు ఊడిపోయింది. ముఖ్యసాక్షిని కూడా టర్నర్ ఊరికే వదల్లేదు. అనుమానాన్ని అతని మీదికే మళ్ళించాడు. ఆరుగురూ సుమారు గంట ఆలోచించి, నేరం లేదని వచ్చి చెప్పారు.

ఒక్క ప్రశ్న ఎంత పని చేసిందో చూశారా? ఆ ప్రశ్న సాక్షి బోనులో వున్నప్పుడే పడాలి. అప్పీలులో డ్రైవరు వుండడు, అడిగే వీలూ వుండదు. అది అడిగేవాడు మొదట లేకపోబట్టి ఒక మనిషి రెండేళ్ళు కటకటాల వెనక గడిపాడు.

మన దేశంలోనూ ఉచిత న్యాయసహాయానికి 1987లో చట్టం చేశారు. 1995 నుంచి అమలులో వుంది. జిల్లాకొక న్యాయసేవాధికార సంస్థ వుంది. స్త్రీలకి, పిల్లలకి, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, నిర్బంధంలో వున్నవారికి ఆదాయంతో పనిలేకుండానే ప్లీడరుని ఇప్పిస్తారు. కనక మీ వీధిలో ఎవరికైనా సమన్లు వస్తే, “హైకోర్టులో చూసుకుందాం” అనే పెద్దమనిషి దగ్గరికి పంపకండి. మొదటి వాయిదాకి ముందే ఆ ఆఫీసు గుమ్మం చూపించండి.