చెట్టు ఒకరిది, పైకం మరొకరిది

బస్తర్ గిరిజనుని పట్టాభూమిలో ఎదిగిన టేకుచెట్టు అతని సొత్తే. రెవిన్యూ పరిభాషలో దానిని 'మాలిక్ మక్బూజా' అంటారు; యజమాని స్వాధీనంలో ఉన్నదని అర్థం. ఒకప్పుడు ఆ చెట్టును నరికించాలంటే కలెక్టరు అనుమతి కావలసి ఉండేది. గిరిజనుని భూమిని ఇతరులు కొనాలన్నా అంతే. ఈ కట్టుదిట్టాలన్నీ అతని రక్షణ కోసం ఏర్పడినవే.

1990 దశకంలో ఆ కంచే చేను మేసింది. వ్యాపారులు భూములను కారుచౌకగా రాయించుకుని, చెట్లు నరికించి, లక్షలు గడించారు. కాగితాలు మాత్రం సక్రమంగానే ఉన్నట్లు కనిపించాయి.

ఇటువంటి వ్యాజ్యంలో న్యాయవాది చేయవలసినదేమిటి? ఏ కాగితానికా కాగితం నిర్దోషిగానే కనిపిస్తుంది. వాటిని పక్కపక్కన పెడితేనే సాక్ష్యం పలుకుతుంది. దస్తావేజులోని ధరను కలపకు ముట్టిన సొమ్ముతో పోల్చాలి. భూమి చేతులు మారిన తేదీని నరికివేత అనుమతి తేదీతో పోల్చాలి. చివరకు బ్యాంకు ఖాతా తెరిపించి, పైకం ఎవరి చేతికి చేరిందో తేల్చాలి.

అడవుల రక్షణకై గోదావర్మన్ తిరుముల్‌పాడ్ 1995లో వేసిన దావాలో బస్తర్ గోడు కూడా సుప్రీంకోర్టు చెవిని పడింది. లోకాయుక్త విచారణ, ఆపై సి.బి.ఐ. దర్యాప్తు జరిగాయి. బస్తర్ అప్పుడు మధ్యప్రదేశ్‌లో భాగం. చెట్లపై గిరిజనుల హక్కును కాపాడేందుకు ఆ రాష్ట్రం 1999లో కొత్త చట్టం చేసింది.

న్యాయస్థానం లెక్క తేల్చేనాటికి చెట్టు దుంగగా మారి ఊరు దాటిపోయి ఉంటుంది. వేలిముద్ర వేయకముందే ఆ చెట్టు వెల ఎంతో అతనికి చెప్పగల మనిషి ఒక్కడుంటే, అంత పెద్ద వ్యాజ్యం అవసరమే ఉండదు.