స్క్రూ పక్కన ఎముక కనబడకపోతే లేనట్టేనా?



పలక రాయిని పొరలుగా చీల్చిన మార్కాపురం చేతులకు ఒక సంగతి తెలుసు. పొర పలచనయ్యేకొద్దీ కంటిని నమ్మలేం, వేలితో తడిమి చూసుకోవాలి. దవడ ఎముకా అంతే. పన్ను ఊడిన చోట టైటానియం స్క్రూ దించి, దానిమీద కొత్త పన్ను బిగించే ఇంప్లాంట్ వైద్యం మన మార్కాపురం చుట్టుపక్కల ఊళ్ల దాకా వచ్చింది. దాని వెంటే త్రీడీ స్కాన్, అంటే సీబీసీటీ వచ్చింది. ఆ బొమ్మను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్నది మాత్రం మనకెవరూ చెప్పడం లేదు.

స్కాన్ వద్దని మేం అనడం లేదు. స్క్రూ దించకముందు అది ఉండాల్సిందే. పళ్లన్నీ ఒకే ఎక్స్‌రేలో పడే ఓపీజీ చదునైన బొమ్మ. అందులో ఎముక ఎత్తు అసలుకన్నా పెద్దగా పడుతుంది, మందం అసలు తెలియనే తెలియదు. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే అన్నం మెతుకు పెదవికి అంటుకున్నా తెలియదు. సీబీసీటీ ఈ కొలతలన్నీ చూపుతుంది. తేడా వచ్చినా సాధారణంగా మిల్లీమీటరు లోపే. అందుకే నరానికీ స్క్రూకీ మధ్య 2 మిల్లీమీటర్లు వదలమంటారు.

స్క్రూ దించాక కథ మారుతుంది. లోహం ఎక్స్‌రే కిరణాలను మింగేస్తుంది. బొమ్మలో స్క్రూ ఉన్నదానికన్నా లావుగా, తెల్లగా ఉబ్బినట్టు పడుతుంది, పక్కన నల్లటి చారలు వస్తాయి. జిర్కోనియా అనే పింగాణీ రకం స్క్రూ అయితే ఇంకా ఎక్కువ. పెదవి వైపు ఎముక చాలామందిలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. నిజంగా ఉన్న ఆ పలచటి గోడ బొమ్మలో మాయమవుతుంది. రోగి తల కాస్త కదిలినా అంతే. అందుకే అమెరికాలోని నోటి, దవడ రేడియాలజీ అకాడమీ 2012లోనే చెప్పింది: బాధ ఏమీ లేని ఇంప్లాంట్‌ను మామూలు తనిఖీ కోసం సీబీసీటీ తీయవద్దని.

ఇది రాస్తున్న మాలో ఒకరి మేనమామకు స్క్రూ పెట్టిన రెండేళ్లకు ఒక నగరంలో స్కాన్ తీశారు. ముందువైపు ఎముక కరిగిపోయింది, స్క్రూ తీసేయాలన్నారు. ఆయనకు నొప్పి లేదు, పన్ను కదలడం లేదు. ఇంకో డాక్టరు కొలపుల్లతో చిగురు లోతు చూశారు, రక్తం రాలేదు. నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే తీస్తే రెండు పక్కలా ఎముక మట్టం బాగానే ఉంది. ముందువైపు గోడ చిన్న ఎక్స్‌రేలోనూ కనబడదు, ఆ మాట దాచం. అయినా ఆగి చూద్దామన్నారు. ఆయన ఈనాటికీ ఆ పంటితోనే జొన్నరొట్టె తింటున్నాడు.

మనకు ఇంకో చిక్కుంది: ఫ్లోరైడ్ నీళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు 1937లోనే నెల్లూరు జిల్లాను చూపి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగి పెరిగితే పళ్లకు గార పడుతుంది. అంతకన్నా బాగా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అక్కడితో ఆగదు, ఎముక చిక్కబడుతుంది. ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. కానీ చిక్కదనం వేరు, గట్టిదనం వేరు. అలాంటి ఎముక పెళుసుగా ఉండవచ్చు. పైగా సీబీసీటీలో బూడిదరంగు అంకెలు ఆసుపత్రి సీటీ అంకెల్లా నికరమైనవి కావు. యంత్రాన్ని బట్టి, తలను ఉంచిన తీరును బట్టి మారతాయి. కాబట్టి స్కాన్ చూపి “ఎముక బ్రహ్మాండం” అని ఎవరన్నా అంటే, ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో కూడా అడిగారా లేదా గమనించండి.

అందుకే అడుగుతున్నాం. మార్కాపురం ప్రభుత్వాసుపత్రిలో ఒక సీబీసీటీ యంత్రం పెట్టాలి. చదివే నిపుణులు ఇక్కడే ఉండనక్కర్లేదు. విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లో నోటి రేడియాలజీ విభాగాలున్నాయి, బొమ్మ ఫైలు పంపితే నివేదిక రాసి పంపగలరు. గిద్దలూరు ముసలమ్మ రెండు పళ్ల కోసం రైలెక్కి గుంటూరు పోయే బాధ తప్పుతుంది. ప్రైవేటు కేంద్రాలు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) లైసెన్సు గోడమీద కనబడేలా పెట్టాలి. పన్ను ఒక్కటే అయితే ఆ చోటు వరకే స్కాన్ తీయాలి, తల మొత్తం ఎందుకు? రేడియేషన్ చిన్న ఎక్స్‌రేకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని ముందే చెప్పాలి. స్క్రూ పెట్టాక ఎముక పోయిందనే మాట స్కాన్ ఒక్కదాని మీద అనకూడదు. చిగురు కొలిచి, చిన్న ఎక్స్‌రే తీసి, పాత బొమ్మతో పోల్చి రాతపూర్వకంగా ఇవ్వాలి.

పోల్చాలంటే పాత బొమ్మ మన దగ్గర ఉండాలి కదా! కాగితంమీద అచ్చువేసిన నాలుగు బొమ్మలు రెండో డాక్టరుకు పనికిరావు. యంత్రం తీసిన అసలు బొమ్మలన్నీ ఉండే డైకామ్ ఫైలు కావాలి. సీడీలో అయినా పెన్‌డ్రైవ్‌లో అయినా సరే. డబ్బు కట్టకముందే కౌంటరు దగ్గర అడగండి: “ఫైలు ఇస్తారా, అయ్యా?”