దాచాల్సిందేముంది కళ్లద్దాల్లో?

కళ్లద్దాల పిల్లంటే పెళ్లిచూపుల్లో మొహం చిట్లించేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే కరీంనగర్‌లో ఉండే మా అక్క కూతురికి ఆ రోజు కాంటాక్ట్ లెన్సులు పెట్టించారు. మే నెల ఎండ, నెత్తిమీద ఫ్యాను గాలి. గంటకల్లా కళ్లెర్రబడి నీళ్లు కారాయి. "పిల్లకి ఇష్టం లేదేమో" అన్నారు వచ్చినవాళ్లు!

లెన్సులు కొనేటప్పుడు మావాళ్లు ధర అడిగారు, రంగు అడిగారు. పిల్ల కంట్లో తడి ఎంతుందో మాత్రం పరీక్ష చేయించలేదు. సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు కంటికి ప్రాణవాయువు బాగా అందనిస్తాయి. కానీ సిలికాన్‌కి నీరంటే పడదు, కన్నీటి పొర దానిమీద నిలవదు. అందుకే 1990ల చివర్లో అవి వచ్చినప్పుడే పైభాగాన్ని ప్లాస్మాతో శుద్ధి చేశారు. ఇప్పుడు నీటిని పట్టి ఉంచే సన్నటి పూతలూ వచ్చాయి. రెప్ప వేస్తే గరగర తగ్గుతుంది.

అలాగని పూత ఉంది కదా అని చేతులు కడుక్కోకుండా ముట్టుకోవడం, కుళాయి నీళ్లతో కడగడం, లెన్సులతోనే నిద్రపోవడం కూడదు. కంటికే ముప్పు.

కంటి పరీక్షకి హైదరాబాదే పోనక్కర్లేదు. ఆదిలాబాద్ వైపు ముధోల్‌లోనూ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కేంద్రం ఉంది.

తల్లులూ, లెన్సులు పిల్ల సౌకర్యం కోసం పెట్టించండి, లోపం దాచడానికి కాదు. మా పిల్ల తర్వాతి పెళ్లిచూపుల్లో కళ్లద్దాలతోనే కూర్చుంది. నచ్చనివాళ్లు వెళ్తారు, వెళ్లనీయండి!