సరుకు పెరిగినా సవాళ్ల సుడిలో విశాఖ రేవు

విశాఖపట్నం: డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున 1933లో తెరుచుకున్న విశాఖ రేవు తొమ్మిది దశాబ్దాల ప్రస్థానాన్ని పూర్తి చేసుకుంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఎనిమిది కోట్ల టన్నులకు పైగా సరుకును ఎగుమతి, దిగుమతి చేసింది. 2024-25లోనూ ఆ స్థాయిని నిలబెట్టుకుంది. అంకెలు చూస్తే దిగులు పడవలసిన అవసరమే కనిపించదు. అయితే పొరుగున ప్రైవేటు రేవులు బలపడటం, చట్టాలు మారటం, అంతర్జాతీయ నౌకాయానం ఒడిదొడుకులకు లోనుకావటం వంటి పరిణామాలు ప్రభుత్వ రంగంలోని ఈ రేవును కొత్త పరీక్షకు నిలబెడుతున్నాయి. పెరిగిన టన్నుల వల్ల నగరానికి, కార్మికునికి దక్కుతున్నదెంత అన్న ప్రశ్న కూడా ముందుకు వస్తోంది.

కూతవేటు దూరంలోనే పోటీ

విశాఖకు దక్షిణంగా ఉక్కు కర్మాగారం పక్కనే 2008లో గంగవరం రేవు పని ప్రారంభించింది. సహజంగానే లోతైన తీరం కావటంతో భారీ బొగ్గు నౌకలు నేరుగా బెర్తుకు చేరగలుగుతున్నాయి. విశాఖలో అంతటి నౌకలకు 1970లలో నిర్మించిన ఔటర్ హార్బరే గతి. కొండను ఆనుకుని ఇరుకైన కాలువ గుండా సాగే ఇన్నర్ హార్బర్‌లోకి మధ్యస్థాయి నౌకలు మాత్రమే రాగలవు. ఉక్కు కర్మాగారానికి అవసరమైన కోకింగ్ బొగ్గు గంగవరం నుంచి కన్వేయర్ బెల్టు మీద నేరుగా చేరే ఏర్పాటు ఉండటంతో, విశాఖ రేవు తన సహజ ఖాతాదారులో పెద్ద వాటాను పొరుగు రేవుతో పంచుకోవలసి వచ్చింది.

ఈ ఏర్పాటులో ఇమిడి ఉన్న ముప్పు 2024 ఏప్రిల్‌లో బయటపడింది. గంగవరంలో కార్మికులు సమ్మెకు దిగటంతో ఉక్కు కర్మాగారానికి బొగ్గు అందక ఉత్పత్తి దెబ్బతిన్నది. ఒకే వాకిలిని నమ్ముకున్న పరిశ్రమకు ఆ వాకిలి మూతపడితే ఏమవుతుందో అప్పుడు తెలిసివచ్చింది. పక్కన మరో రేవు ఉండటం పరిశ్రమకు ఎంత అవసరమో కూడా ఆ సమ్మె చాటిచెప్పింది.

గంగవరం రేవు 2021లో అదానీ సంస్థ పరమైంది. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్న 10.4 శాతం వాటాను కూడా దాదాపు 645 కోట్ల రూపాయలకు అదే ఏడాది విక్రయించారు. కృష్ణపట్నం రేవు సైతం అదే సంస్థ చేతికి వచ్చింది. 2024లో ఒడిశాలోని గోపాల్‌పూర్ కూడా ఆ జాబితాలో చేరింది. ఫలితంగా విశాఖకు ఉత్తరాన, దక్షిణాన ఒకే యాజమాన్యం కింద రేవుల వరుస ఏర్పడింది. నౌకా సంస్థతో ఒక్క రేవు మాట్లాడే బేరానికీ, పలు రేవులున్న యాజమాన్యం మాట్లాడే బేరానికీ తేడా ఉంటుంది. మరోవైపు ప్రభుత్వ రంగంలోనే ఉన్న పారాదీప్ 2023-24లో సుమారు 14.5 కోట్ల టన్నులతో ప్రధాన రేవుల్లో ప్రథమ స్థానానికి చేరింది. 2000ల ఆరంభంలో వరుసగా కొన్నేళ్లు ఆ స్థానం విశాఖదే.

మారిన చట్టం, పెరిగిన బాధ్యత

1963 నాటి చట్టం స్థానంలో ప్రధాన రేవుల ప్రాధికార సంస్థల చట్టం 2021 నవంబరు 3న అమలులోకి వచ్చింది. విశాఖపట్నం పోర్టు ట్రస్టు కాస్తా పోర్టు అథారిటీగా మారింది. అంతకుముందు ఛార్జీలను కేంద్ర స్థాయిలోని టారిఫ్ సంస్థ నిర్ణయించేది. ప్రైవేటు రేవులకు ఆ బంధం లేదు. ఖాతాదారుతో బేరమాడి రాయితీ ఇచ్చే వెసులుబాటు వాటికి మొదటి నుంచీ ఉంది. కొత్త చట్టంతో ఆ స్వేచ్ఛ విశాఖ బోర్డుకూ దక్కింది. దానితోపాటే నష్టం వస్తే నెపం వేయటానికి మరొకరు లేకుండా పోయారు. 1908 నాటి రేవుల చట్టాన్ని తొలగించి 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం రాష్ట్రాల మారిటైమ్ బోర్డులకు మరింత గుర్తింపునిచ్చింది.

ఎర్ర సముద్రం సెగ

ఈ రేవు నుంచి వెళ్లే సరుకులో ఉత్తర కోస్తా రొయ్యలకు ప్రత్యేక స్థానముంది. 2023 చివర ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలవటంతో ఐరోపా, అమెరికా తూర్పు తీరాలకు వెళ్లే ఓడలు ఆఫ్రికాను చుట్టి రావలసి వచ్చింది. ప్రయాణం వారం, పది రోజులు పెరిగి కంటెయినర్ల కిరాయిలు ఎగబాకాయి. 2025 ఆగస్టులో భారత సరుకుపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచటం మరో దెబ్బ. ఓడ ఆలస్యమైతే, సుంకం పెరిగితే ఆ భారం చివరకు చెరువు గట్టున రైతుకు పలికే ధరలోనే తేలుతుంది. తూర్పు తీర కంటెయినర్లలో అధిక భాగం కొలంబో, సింగపూర్‌లలో పెద్ద ఓడలకు మారవలసి రావటం ఈ బలహీనతను మరింత పెంచుతోంది.

దుమ్ము ఒకరికి, లాభం ఒకరికి

బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతుల వల్ల రేగే దుమ్ము వన్‌టౌన్, జ్ఞానాపురం వాసులకు తరాలుగా తెలిసిన బాధ. నీళ్లు చల్లటం, చెట్లు నాటటం, కప్పు ఉన్న గోదాములు కట్టటం వంటి చర్యలు చేపట్టినా సరుకు పెరిగే కొద్దీ సమస్య మళ్లీ తలెత్తుతోంది. ఔటర్ హార్బర్ గోడలు తీరం వెంబడి ఉత్తరానికి సాగే ఇసుకను అడ్డగించటంతో ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది. అందుకే తవ్విన ఇసుకను తిరిగి బీచ్‌కు చేర్చే బాధ్యతను రేవు మోస్తోంది. విశ్రాంత ఉద్యోగుల పింఛన్ల భారం సరేసరి.

ఉపాధి విషయానికి వస్తే యంత్రాలు పెరిగాయి, బెర్తులు ప్రైవేటు నిర్వాహకుల చేతికి వెళ్లాయి. శాశ్వత కొలువులు కరిగి ఒప్పంద కూలీలు మిగిలారు. అటు గంగవరం, దిబ్బపాలెం గ్రామాల మత్స్యకారులు వేటకు దూరమై రేవు కొలువునే నమ్ముకున్నారు. 2023, 2024లలో అక్కడ సాగిన ఆందోళనల్లో వేతనాలే ప్రధాన డిమాండు.

ముందున్న దారి

మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేట వద్ద రాష్ట్రం చేపట్టిన కొత్త రేవులకు కూడా సరుకు కావాలి. వీటిలో మచిలీపట్నానికి 2008, 2019, 2023లలో ముగ్గురు ముఖ్యమంత్రులు శంకుస్థాపనలు చేశారు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఖనిజాన్నే అందరూ ఆశిస్తే ఛార్జీలు తగ్గించుకునే పోటీ తప్ప కొత్త సంపద పుట్టదు. ఏ రేవు ఏ సరుకుకు అనువైనదో తేల్చుకుని, రైలు, రోడ్డు సౌకర్యాలను దానికి తగినట్లు కల్పించటమే అందరికీ మేలు. విశాఖ విషయంలో టన్నులతో పాటు తగ్గిన దుమ్మును, నిలిచిన బీచ్‌ను, దక్కిన కొలువులను కూడా ఏటా లెక్క చెప్పినప్పుడే రేవు ప్రగతి నగర ప్రగతి అనిపించుకుంటుంది.