ముందు బండి ఎవరిది?

పోస్టు పొడుగుంటది, ముందే చెప్తున్న. ఓపిక ఉన్నోళ్లు చదవండి, లేనోళ్లు సగం చదివి తిట్టకండి.

పోయిన వారం మన గ్రూపుల ఒక తమ్ముడు వైజాగ్ వన్ డే బైక్ టూర్ ఫోటోలు పెట్టిండు. పొద్దున సముద్రం, మధ్యాహ్నం అరకు, రాత్రికి మళ్లీ వైజాగ్. కింద "సూపర్ తమ్మీ", "డీటెయిల్స్ పెట్టు", "నెక్స్ట్ మేమే" అని కామెంట్లే కామెంట్లు. నేను రెండే మాటలు రాసిన. "గైడ్ ఎవరు?" అని. దానికి వచ్చిన జవాబులు మీరంతా చూసిన్రు. కడుపుమంట అన్నరు. అన్నింట్ల రాజకీయమేనా అన్నరు. ఒక సీనియర్ అన్న అయితే "కొండలు చూసొచ్చుడు కూడా తప్పేనా" అని అడిగిండు.

తప్పు కాదన్నా. నేను కూడా పోయొచ్చిన. అందుకే అడిగిన.

నేను పోయింది నవంబర్ నెలల. క్యాంపస్ నుంచి ఆరుగురం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దుగాల వైజాగ్‌ల దిగినం. టూర్ ఫోన్లనే బుక్ చేసుకున్నం. కంపెనీ పేరు అనవసరం, ఆ లైన్ల అందరిదీ దాదాపు ఒకటే తీరు. మనిషికి 2,500. బండి, హెల్మెట్, టిఫిన్, గైడ్ అన్నీ అండ్లనే. వేరే ఊళ్లోళ్లు ఇంకో నలుగురు కలిసిన్రు, మొత్తం పది బండ్లు. అందరికంటే ముందు బండి మీద గైడ్, ఆఖరి బండి మీద మెకానిక్, నడుమ మేము. ముందు బండిని ఎవరూ దాటొద్దు, అదే మొదటి రూలు.

భీమిలి దాకా ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. అబద్ధం ఎందుకు, మస్తుగుంటది. మా తాడ్వాయి దిక్కు వాగులు చూసి పెరిగినోణ్ని, అంత నీళ్లు పక్కన పెట్టుకొని బండి నడుపుడు నాకదే మొదటిసారి. భీమిలిల గైడ్ బండ్లు ఆపి డచ్చోళ్ల సమాధుల గురించి పది నిమిషాలు చెప్పిండు. ఎప్పుడొచ్చిన్రు, ఏం వ్యాపారం చేసిన్రు, ఎట్ల పోయిన్రు, అన్నీ తెలుసు. మంచిగనే చెప్పిండు. కానీ మేము నిలబడ్డ కాడనే గోస్తనీ నది సముద్రంల కలుస్తది. ఆ నది మేము ఎక్కబోయే అనంతగిరి కొండలల్లనే పుడ్తది. దాని మీద కట్టిన తాటిపూడి రిజర్వాయర్ నుంచే వైజాగ్‌కు తాగునీళ్లు పోతయి. అంటే ఆ పట్నం తాగే నీళ్లల్ల కొండోళ్ల వాటా ఉంది. ఆ ముక్క ఆయన నోట్లకెళ్లి రాలె. డచ్చోళ్లకు పది నిమిషాలు దొరికినయి, ఆ నదికి ఒక్క నిమిషం దొరకలె.

ఎస్.కోట దాటినంక ఘాట్ మొదలైతది. మలుపు మీద మలుపు, పైకి పోయినకొద్దీ చలి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడల కాఫీ. దారెంట పిల్లలు చేతులూపిన్రు. మావోళ్లు హారన్ కొట్టిన్రు. నేను కూడా కొట్టిన.

బొర్రా గుహల కాడ గైడ్ మళ్లీ క్లాసు పీకిండు. 1807ల జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే దొర ఈ గుహలను కనిపెట్టిండని. ఇది ఆయన ఒక్కడి మాట కాదు, నెట్‌ల కొడితే ఎక్కడ చూసినా ఇదే ఉంటది. మిత్రులారా, జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టిందే 1851ల. పుట్టని ఆఫీసుల ఉద్యోగం చేసే దొర వచ్చి మన గుహను కనిపెట్టిండట! ఏండ్ల సంది లక్షల మంది విని తలకాయ ఊపి పోయిన్రు. అదే ఊళ్లె అందరూ చెప్పుకునే కథ వేరే ఉంది. మేతకు పోయిన ఆవు గుహ పైనున్న బొక్కల నుంచి పడ్డది, దాన్ని వెతుక్కుంట పోయిన కాపరి లోపట లింగాన్ని చూసిండు, ఆ ఆవు పేరు మీదనే గోస్తనీ అని. కథ కథే కావచ్చు. కానీ ఆ కథల ముందు గుహల అడుగుపెట్టింది పసుల కాపరి. గైడ్ చెప్పినదాంట్ల కాపరి లేడు, దొర ఉన్నడు.

గైడ్ మాటల లేని సంగతి ఇంకోటుంది, మనమందరం నోటికి నేర్చుకోవాల్సింది. సమతా తీర్పు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆ కేసు పుట్టింది ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్లల్లనే, అనంతగిరి మండలంల, మైనింగ్ లీజుల మీద. షెడ్యూల్డ్ ఏరియాల భూమిని గిరిజనేతరులకు ఇయ్యొద్దనే రూలు ప్రభుత్వానికి కూడా వర్తిస్తది, ప్రభుత్వ భూమైనా లీజుకు ఇచ్చుడు చెల్లదు అని కోర్టు తేల్చింది. అక్కడ వ్యాపారం చేసే సంస్థలు నికర లాభంల కనీసం 20 శాతం ఆ గిరిజనుల కోసం నిధిగా పెట్టాలని కూడా చెప్పింది. దేశంల ఆదివాసీ భూమి గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ తీర్పు పేరు ఎత్తుతరు. అది పుట్టిన నేల మీద బండి ఆపుకొని నిలబడి, మేము విన్నది పుట్టని ఆఫీసు దొర కథ.

ఇగ అసలు సంగతి. దానికోసమే ఈ పోస్టు.

అరకు దగ్గర రోడ్డు పక్కన వలిసె చేను. నవంబర్‌ల ఆ లోయంతా పసుపు పచ్చగుంటది, రీల్స్‌ల చూసే ఉంటరు. గైడ్ బండ్లు ఆపిండు. అందరూ చేనులకు ఉరికిన్రు. నడుములోతు పూలల్ల నిలబడి ఒకరు, పండుకొని ఒకరు. గట్టు మీదికెళ్లి ఒక పెద్దమ్మ వచ్చింది. మనిషికి ఇరవై అడిగింది. గైడ్‌కు కోపమొచ్చింది. "ఏటమ్మా, పువ్వు చూస్తే కూడా డబ్బులేటి? నేను రోజూ వస్తున్నాను కదా" అన్నడు. ఆమె వాళ్ల భాషల ఏదో అన్నది, తర్వాత తెలుగుల రెండే మాటలన్నది: "పంట, బాబూ." వలిసె అంటే నూనె గింజ. పూవు తొక్కితే గింజ లేదు, గింజ లేకపోతే ఆమెకు సంతల పైసా లేదు. గైడ్ మా దిక్కు తిరిగి నవ్విండు. "టూరిస్టులొచ్చి వీళ్లు చెడిపోనారండి" అన్నడు.

2,500 కట్టినోళ్లం పది మందిమి. అంటే 25,000. ఇరవై రూపాయల కాడ చెడిపోయింది ఆమెనట.

నేనేం చేసిన్నో కూడా రాస్త. ఏం చేయలె. కోయోణ్ని, హాస్టల్ మీటింగుల జల్ జంగల్ జమీన్ అని గొంతు చించుకునేటోణ్ని, తలకాయ దించుకొని ఫోన్ల ఫోటోలు చూసుకుంట నిలబడ్డ. మహబూబాబాద్ దిక్కు తండా నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకామె పర్సుల నుంచి వంద తీసి పెద్దమ్మ చేతుల పెట్టి, గైడ్‌ను "అన్నా, మీ ఇంట్లకు పది మంది చెప్పులేసుకొని ఉరికొస్తే ఏమంటవ్" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. మా దగ్గర కూడా లేదు.

రాత్రి రైలుల కూసొని లెక్క వేసిన. ఆ రోజు మా పది మంది పైసలల్ల, నా కండ్ల ముందర కొండ మీది ఆదివాసీ చేతుల పడ్డవి ఆ వంద, ఒక పిల్లగాని దగ్గర కొన్న కంకుల పైసలు, అంతే. బొంగులో చికెన్ తిన్న హోటల్ కొండ కింది నుంచి వచ్చినాయనది. సాయంత్రం టెంట్ల కాడ థింసా ఆడిన అక్కలకు ఎంత ఇచ్చిన్రో తెల్వది. థింసా పండుగకు, పెండ్లికి ఊరంతా చేతులు కలిపి ఆడే ఆట. అక్కడ "ఇంకోసారి, వీడియో సరిగ రాలె" అంటే ఇంకోసారి ఆడిన్రు.

గైడ్‌ను తిట్టడానికి ఇదంతా రాస్తలేను. వాడు మంచోడే. ఒక బండికి చైన్ ఊడితే మెకానిక్ కంటే ముందు వాడే చేతులకు గ్రీజు పూసుకున్నడు. ట్రిప్పుకింత అని కూలి, సొంత బండికి ఈఎంఐ. తప్పు వాని దగ్గర లేదు, ముందు బండి మీద వాణ్ని కూసోబెట్టిన ఏర్పాటుల ఉంది. ముందు బండి మీద కూసున్నోడు ఎక్కడ ఆపితే అదే చూసే జాగ, ఏది చెప్తే అదే చరిత్ర, ఎవరి హోటల్ల ఆపితే వాళ్లకే పైసలు. కొండ మీద పుట్టినోడు ఆ బండి మీద లేకపోతే ఆయన సీనరీల భాగమైతడు. చెట్టు, మబ్బు, గిరిజనుడు.

ఇప్పుడు మీ జవాబులకొస్త.

"టూరిస్టులు రాకపోతే డెవలప్‌మెంట్ ఎట్ల" అన్నరు. రావొద్దని నేనెక్కడ అన్న? 1/70 చట్టం 1970 నుంచి ఏజెన్సీల భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దంటది. అయినా మనోని పేరు మీద కాగితం, బయటోని చేతుల తాళం. ఇట్ల లేచే టెంట్లు, రిసార్టుల గురించి మనం ధర్నాలు చేసినం, చేస్తం. కానీ నేల కాగితం గురించి మాట్లాడినంత గట్టిగ పని గురించి మాట్లాడతలేం. 2020 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసినప్పుడు ఏజెన్సీ టీచర్ పోస్టులు పోయినయని మనమంతా మొత్తుకున్నం. న్యాయమే. మరి మన కండ్ల ముందర మన కొండ మీద కొత్తగ పుట్టుకొస్తున్న ఈ పని సంగతేంది? దీనికి నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు. ఎవడు ముందొస్తే వానిదే. మనం రీల్స్‌కు లైకులు కొట్టుకుంట కూసున్నం.

"మనోళ్లకు ఇంగ్లీష్ రాదు" అన్నది ఇంకో కామెంటు. ఆ రోజు గైడ్ చెప్పినదంతా తెలుగే.

సీనియర్ అన్న మాట మాత్రం తేలికగ తీసుకోలేను. "మన పిల్లలు టూరిస్టులకు నౌకర్లు కావాల్నా?" అన్నడు. ఆ భయం ఊరికే పుట్టలె. గూడెం కొండలల్ల బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దార్ ఆదివాసీలతోని వెట్టిచాకిరి చేయించి రోడ్డు వేయించిండు, ఆ కడుపుమంట 1922 తిరుగుబాటుకు ఒక కారణం. ఆ పోరాటంల గాం గంటన్నదొర, మల్లుదొర లేకపోతే అల్లూరి ఒక్కడేం చేస్తుండె? ఇయ్యాల లంబసింగి మబ్బుల కోసం బండ్లు పోయే దిక్కు అదే. మన చెమటతోని వేసిన రోడ్లు, మనల్ని చూడడానికి వచ్చేటోళ్లు, మళ్లీ మనమే బ్యాగులు మొయ్యాల్నా అని అన్న బాధ. అర్థమైతది. కానీ అన్నా, బ్యాగు మోసేటోడు వేరు, దారి చూపేటోడు వేరు. "ఈ చేనుల దిగొద్దు" అని చెప్పే హక్కు ఉన్నోడు నౌకరెట్ల అయితడు? చంద్రాపూర్ దిక్కు తాడోబాల పులిని చూడాల్నంటే బండిల లోకల్ గైడ్ ఉండాల్సిందే, చుట్టుపక్క ఊళ్ల పోరగాళ్లు ఆ పని చేస్తున్నరు. మారేడుమిల్లిల అక్కడి వన సంరక్షణ సమితులే క్యాంపు నడిపిన్రు. అన్నీ బాగున్నయని అంటలేను. కానీ చెయ్యొచ్చని తెలిసింది కదా.

ఇది బతుకు-సావుల సంగతి కూడా. 2023 జూలైల మన ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం కాడికి పోయిన టూరిస్టులు వాగు పొంగి అడవిల చిక్కుకున్నరు, పదుల మందిని ఎన్డీఆర్ఎఫ్ వచ్చి రాత్రిపూట బయటకు తెచ్చింది. మబ్బు ఏ దిక్కు పట్టింది, వాగు ఎంతసేపట్ల వస్తది, ఇవి యాప్ చెప్పదు, ఆ ఊరోడు చెప్తడు. ఆ వానలల్లనే జంపన్నవాగు కొండాయి మీద పడి మనుషులను కొట్టుకపోయింది. ఆ వాగు సంగతి ఆ ఊళ్లోళ్ల కంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

ఇంకొక మాట, నా మీద నేనే వేసుకునేది. కోయోణ్ని అయినంత మాత్రాన అరకు నాది కాదు. ఆ పెద్దమ్మ మాట్లాడిన భాష నాకు రాలె, ఆమెకు నేను కూడా హెల్మెట్ పెట్టుకొని చేను తొక్కిన పదకొండు మందిల ఒకణ్ని. అక్కడ ముందు బండి అక్కడి కొండదొరలది, కోందులది, పోర్జలది, గదబలది. మనది తాడ్వాయి, ఏటూరునాగారం, వాజేడు. అందుకే "ఆదివాసీ గైడ్" అని బోర్డు పెట్టుకొని వరంగల్ నుంచి మనం పోయి అక్కడ టూర్లు నడిపినా అదే తప్పు.

బొగతకు వానాకాలం ఆదివారమొస్తే హైదరాబాద్, వరంగల్ బండ్లు లైను కడ్తయి. మన దిక్కు కూడా గ్రూపు రైడ్లు మొదలైనయి, హనుమకొండ నుంచి ముల్లకట్ట వంతెన మీదికెళ్లి. ముందు బండి మీద ఎవరుంటున్నరో ఒకసారి చూడండి. ఆ పక్క ఊళ్లోళ్లు మన గ్రూపుల కనీసం పదిహేను మంది ఉన్నరు, నాకు తెలుసు. పెసా చట్టం 1996 నుంచి ఉంది. గ్రూపుగ వచ్చే బండ్లు ఊరి మనిషిని తీసుకొనే అడవిలకు పోవాలని, ఆయన రోజు కూలి ఇంత అని, ఏ చేనుల, ఏ వాగుల దిగొద్దని గ్రామసభల తీర్మానం పెట్టండి. ఒప్పుకోనోళ్లుంటే ఆఫీసుల చుట్టూ తిరుగుదాం. దరఖాస్తు నేను రాస్త, నాకు ఆ పని వచ్చు.

ఫోటోలు పెట్టిన తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. వైజాగ్‌ల ఎంత కట్టినవో అంతే నా దగ్గర పెట్టు, వానలు తగ్గినంక ఒక ఆదివారం వాజేడు దిక్కు పోదాం. నీ బండి మీద ఎనక మా మేనమామ కూసుంటడు. ఆపమన్న కాడ ఆపు, చెప్పింది విను, సాయంత్రం ఆ పైసలు నీ చేతుల మీదనే ఆయనకు ఇయ్యి. ఆయనకు రెండు గుట్కా ప్యాకెట్లు కొనిపెట్టి సరిపెట్టాలని మాత్రం చూడకు, తంతడు.