నక్షత్ర తాబేలుకి పర్మిట్ ఇస్తారా?

పిల్లలూ, మీలో శ్రీకూర్మం చూసినవాళ్లు ఉండే ఉంటారు. శ్రీకాకుళం పట్టణానికి దగ్గర్లోనే ఉంది. విష్ణువును కూర్మరూపంలో పూజించే ఆలయం అది. భక్తులు తెచ్చి సమర్పించిన నక్షత్ర తాబేళ్లను ఆ ఆవరణలోనే పెంచుతూ వచ్చారు. నల్లటి డిప్ప, దాని మీద నక్షత్రాల్లా విచ్చుకున్న పసుపుపచ్చ చారలు. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

నేను వెళ్లినప్పుడు పక్కన నిలబడ్డ ఏడో తరగతి కుర్రాడు అడిగాడు: "మేష్టారూ, ఒకటి ఇంట్లో పెంచుకోడానికి పర్మిట్ ఇస్తారేటండీ?"

మంచి ప్రశ్నే. తుపాకీకి లైసెన్సు ఉంది, మోటారు సైకిలుకీ ఉంది. తాబేలుకి ఎందుకు ఉండకూడదు?

మన దేశంలో ఉండదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చదువు, పరిశోధన వంటి పనులకు మాత్రమే అడవి జంతువును పట్టడానికి అనుమతి దొరుకుతుంది. ముచ్చట కోసం దొరకదు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు నక్షత్ర తాబేలును మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలో చేర్చారు. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు. మన రామచిలుక రెండో షెడ్యూలులో ఉంది. వసారాలో పంజరం వేలాడదీసి, దానికి జాంపండు పెట్టే తాతగారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. తెలియజెప్పేవాళ్లు లేకపోవడమే నాకు బాధ.

ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాలు తమ దేశపు బల్లుల్నీ పాముల్నీ పెంచుకోడానికి లైసెన్సు ఇస్తాయి. మరి మనమూ ఇవ్వొచ్చు కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఒక తాబేలును చేతికిచ్చి, ఇది ఇంట్లో పుట్టిందా, పొదల్లో పట్టిందా చెప్పమంటే చూపుతో చెప్పగలిగేవారు లేరు. కాగితం ఒకటి చేతిలో ఉంటే దాని చాటున పది తాబేళ్లు చేతులు మారతాయి. 2015లో వెలువడిన ఒక పరిశోధన, మన దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏటా 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టుకుపోతున్నారని అంచనా వేసింది. ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది. ఒక్కో విడతకి పెట్టేవి కొన్ని గుడ్లే. కోడిలా రోజుకొకటి పెట్టే ప్రాణి కాదు. 2019లో ప్రపంచ దేశాలు ఎన్నో జెనీవాలో కూడి దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపింది ఇందుకే.

ఒక్క సంగతి మాత్రం నాకూ మింగుడుపడదు. దక్షిణ అమెరికా మకా చిలుకను కొన్నవారు 2024 నియమాల ప్రకారం దాన్ని నమోదు చేయించి హాయిగా పెంచుకోవచ్చు. మన తోటలోని రామచిలుకకు ఆ దారి లేదు. డబ్బున్నవాళ్లకో న్యాయమా అని మీకు అనిపిస్తుంది. అయితే మకాను పట్టడానికి మన మామిడిచెట్టు తొర్రలో ఎవరూ చెయ్యి పెట్టరు. అక్కడి అడవిలో పెట్టలేదని మాత్రం ఎవరు చెప్పగలరు? ఆ దారి కూడా ఇంకా ఇరుకుగా ఉండాలని నా అభిప్రాయం.

ఇదంతా విని ఆ కుర్రాడు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా, "మా ఇంట్లో ఒకటుందండీ. మావయ్య తెచ్చాడు. కొండ మీద వదిలేస్తే సరిపోద్దా?" అన్నాడు.

వద్దన్నాను. ఇంట్లో అన్నం మెతుకులు తిన్న తాబేలు గడ్డీ పువ్వులూ వెతుక్కోవడం మరిచిపోయి ఉండవచ్చు. దానికి రోగముంటే అక్కడివాటికి అంటుతుంది. పైగా అది ఏ ప్రాంతపు తాబేలో తెలియదు. వేరే జాడవాటితో కలిస్తే సంతతి కలగాపులగమవుతుంది. అలాంటి జంతువు చేతికొస్తే 48 గంటల్లోగా పోలీసు స్టేషనులో గానీ అటవీ అధికారికి గానీ తెలపాలంటుంది చట్టం. గడువు ఎప్పుడో దాటినా, దాచడం కన్నా నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి చెప్పడమే మేలు అన్నాను.

"అప్పగిస్తే మళ్లీ చూడనిస్తారేటండీ?" అని అడిగాడు. ఏ జూకి పంపుతారో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.