మీటరు మన ముఖం మీద పెట్టాలి

కెమెరాకి కులం లేదు, ఫిల్ముకి రంగు భేదం లేదు, ఎదుట ఏది ఉంటే అదే పడుతుంది అని చదువుకున్న పెద్దలు చెప్తుంటారు. మేం ఒప్పుకోం. ఫిల్మును తయారు చేసింది మనుషులు. ఎవరి ముఖం బాగా పడితే ఆ ఫిల్ము బాగున్నట్టు అని తేల్చింది కూడా మనుషులే. ఆ ముఖం మనది కాదు.

సాక్ష్యం కావాలా? అమెరికాలో కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఫొటో ల్యాబులకి ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లామె బొమ్మ. 'షర్లీ కార్డు' అనేవాళ్లు. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టు లెక్క. సినిమా రీళ్ల మొదట్లో కూడా రంగు సరిచూసుకోడానికి ఒక ఆడమనిషి ముఖం ఉన్న నాలుగు ఫ్రేములు అతికించేవాళ్లు. ఆమె కూడా దాదాపు ఎప్పుడూ తెల్లామే. తెల్లపిల్ల, నల్లపిల్ల పక్కపక్కన కూర్చుంటే తెల్లపిల్ల ముఖం కళగా వచ్చేది. నల్లపిల్లకి కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడేవి కావు. ఈ లోపం ఎప్పుడు దిద్దారు? చాక్లెట్లు అమ్మేవాళ్లు, కుర్చీలూ బల్లలూ అమ్మేవాళ్లు తమ సరుకు ఛాయలు తేలటం లేదని ఫిర్యాదు చేశాక కంపెనీ కదిలిందని అందులో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. బల్లకి జరిగిన న్యాయం మనిషికి జరగలేదు. వేరువేరు రంగుల మనుషులున్న కార్డు 1990లలో గానీ రాలేదు.

అమెరికా సంగతి మనకెందుకంటారా? మనోళ్లలో తెల్లగా ఉన్నవాళ్లూ ఉన్నారు, పై కులాల్లో నల్లగా ఉన్నవాళ్లూ ఉన్నారు. అయినా ఎండలో నాటేసి, కోతకోసే ముఖమే ఎక్కువ నల్లబడుద్ది. బడి గ్రూపు ఫొటోలో సున్నం కొట్టిన గోడ ముందు మన పిల్లలు నల్లమచ్చల్లా మిగలడం, స్టూడియోలో పెళ్లికూతురి ముఖానికి పౌడరు దట్టించడం అందరం చూసిందే. తప్పు ఆ పిల్లది కాదు. లైటు కొలిచినవాడిది.

"ముందు కథ ముఖ్యం, ఫిల్ము సంగతి టెక్నీషియన్లు చూసుకుంటారులే" అని కొందరు కార్యకర్తలు అంటారు. డబ్బున్నవాడికి ఈ మాట చెల్లుద్ది. తప్పొస్తే మళ్లీ తీసుకుంటాడు. మనకి ఆ వీలెక్కడిది? కూలి మానుకుని వచ్చి నిలబడ్డ మనిషిని, నీ ముఖం పడలేదు రేపు మళ్లీ రా అని ఏ మొగం పెట్టుకుని అడుగుతాం?

తక్కువ డబ్బుతో తీసినవాళ్లు ఉన్నారు. చార్లెస్ బర్నెట్ అనే నల్లజాతి విద్యార్థి 1970లలో లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ పేటలో, శని ఆదివారాల్లో, 16 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్ము మీద 'కిల్లర్ ఆఫ్ షీప్' తీశాడు. కబేళాలో పనిచేసే మనిషి కథ. నటులు ఎక్కువమంది మామూలు జనం. కెమెరా కూడా తనే పట్టాడు. ఖర్చు పదివేల డాలర్ల లోపే. 1990లో ఆ దేశం భద్రపరచదగ్గ సినిమాల జాబితాలో దాన్ని చేర్చింది. జూలీ డాష్ అనే నల్లజాతి దర్శకురాలు 1991లో వచ్చిన తన 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్'కి కొడాక్ వద్దని ఆగ్ఫా ఫిల్ము ఎంచుకుంది. నల్లవాళ్లు దాని మీద బాగా కనబడతారు, అదీ కారణం. ఫిల్ము ఎంచుకోవడం రాజకీయమే అని ఆమె చేసి చూపించింది.

ఇక పని సంగతి. 16 ఎం.ఎం.లో 400 అడుగుల రీలు 11 నిమిషాలు వస్తుంది. 35 ఎం.ఎం.లో అంతసేపటికి 1000 అడుగులు కావాలి. అరగంట సినిమాకి మూడింతలు తీస్తే 16లో తొమ్మిది రీళ్లు. అంతకంటే ఎక్కువ తీస్తే మన చేతిలో ఉండదు. పగటి వెలుగుకి వేరే ఫిల్ము, బల్బు వెలుగుకి వేరే ఫిల్ము. రెండూ కొనలేకపోతే బల్బు ఫిల్ముకే నారింజరంగు ఫిల్టరు పెట్టి ఎండలో వాడొచ్చు. నలుపు తెలుపైతే ఈ గొడవే లేదు. మొదటిసారి తీసేవాళ్లు రివర్సల్ ఫిల్ము జోలికి పోవద్దు, నెగెటివే తీసుకోండి. నెగెటివ్ కాస్త ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది. తక్కువైతే ఓర్చుకోదు. నల్లముఖం మీద వెలుగు చాలకపోతే నెగెటివ్ మీద అక్కడ ఏమీ ఉండదు, ఏ ల్యాబూ తేలేదు. అందుకే డబ్బా మీద 500 అని ఉంటే మీటరులో 320 పెట్టుకుంటారు.

మీటరుకి మనిషి తెలియడు. ఎదుటున్న ప్రతిదాన్నీ బూడిదరంగే అనుకుంటుంది. మనిషి వెనక తెల్లగోడో ఆకాశమో ఉంటే వెలుగు ఎక్కువైందని చెప్పి లెన్సు మూయిస్తుంది. ముఖం మసైపోద్ది. కాబట్టి పడే వెలుగును కొలిచే మీటరుని ముఖం దగ్గరే పట్టుకోండి. అది లేకపోతే అదే వెలుగులో అరచెయ్యి చాపి కొలిచి, ఒక స్టాపు ఎక్కువ తెరవండి. అరచేతులు అందరివీ ఇంచుమించు ఒకే ఛాయ. మిట్టమధ్యాహ్నం తీయకండి, కళ్లు గుంటలవుతాయి. వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి, పక్కన తెల్లపంచె పట్టుకుంటే చాలు. పౌడరు వద్దు.

ఫుజి కంపెనీ 2013లో సినిమా కెమెరా ఫిల్ము మానేసింది. మన ఊటీ ఫిల్ము ఫ్యాక్టరీ మూతపడింది. ఇవాళ ఎక్కువమంది తీసేది ఫోనుతోనే. అయినా రోగం అదే. ఫోనూ తెల్లగోడని చూసి ముఖాన్ని నల్లబరుస్తుంది. ముఖం మీద వేలు నొక్కిపట్టి లాక్ చెయ్యండి. అందం పేరుతో తెల్లబరిచే బటను ఆపెయ్యండి.

సినిమా తీయబోయే మిత్రులారా! కథ రాసిన రోజే ఒక చిన్నముక్క పరీక్షగా తీయండి. వాడలో అందరికంటే నల్లగా ఉన్న మనిషిని ముందు నిలబెట్టండి. ఆ ముఖంలో ముడతలు, కళ్లలో కోపం, పెదాల మీద నవ్వు కనబడితే ఆ లెక్కే మన లెక్క. తక్కిన ముఖాలు ఆ తర్వాత.